'సో ప్రౌడ్లీ వుయ్ హెయిల్' (1943): బటాన్ నర్సుల సినిమాలో ఎవరున్నారు, ఎవరు లేరు?

పాతరీలు:
రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన పాత హాలీవుడ్ సినిమాలు వరసబెట్టి చూస్తున్నాను. అందులో భాగంగా నిన్న రాత్రి ఇది చూశాను. పారమౌంట్ వాళ్ళ సినిమా, దర్శకుడు మార్క్ సాండ్రిచ్. క్లాడెట్ కోల్బర్ట్, పాలెట్ గొడార్డ్, వెరోనికా లేక్ ముగ్గురూ అమెరికన్ ఆర్మీ నర్సులు. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యంతో పోరాటం జరిగిన బటాన్ ద్వీపకల్పంలో పనిచేసి, పక్కనే ఉన్న కొరెగిడార్ దీవి నుంచి బయటపడిన ఎనిమిది మంది నర్సులు ఓడలో ఇంటికి వెళ్తూ జరిగింది చెప్పుకుంటూ ఉంటారు, అదీ కథ. గొడార్డ్‌కి సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

నాకు సినిమా బాగా నచ్చింది. ఆ కాలంలో యుద్ధం సినిమా అంటే మగవాళ్ళదే. ఆడది రైల్వే ప్లాట్‌ఫారం మీద రుమాలు ఊపడానికో, ఉత్తరం చదివి ఏడవడానికో వచ్చేది. ఇందులో బాంబులు పడుతుంటే ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడింది వాళ్ళే, నిర్ణయాలు తీసుకుంటున్నదీ వాళ్ళే. మగవాళ్ళే వచ్చి పోతుంటారు.

కానీ చూస్తున్నంతసేపూ ఒకటి గుచ్చుతూనే ఉంది. కథ మొత్తం ఫిలిప్పీన్స్‌లో జరుగుతుంది. అయినా కథ నడిపే నర్సుల్లో ఒక్క ఫిలిప్పీన్ అమ్మాయి లేదు. నల్లజాతి నర్సు అసలే లేదు. చైనా మూలాలున్న ఒక కుర్రాడు లింగ్ చీ ఉన్నాడు, ఒక ఫిలిప్పీన్ డాక్టర్ ఉన్నాడు, అంతే. ఆ డాక్టర్ వేషం కూడా టెడ్ హెక్ట్ అనే అమెరికన్ నటుడికే ఇచ్చారు. మీరందరూ ఏమంటారు? చూసినవాళ్ళు రాయండి.

బెజవాడ_సినిమా:
మంచి సినిమా గుర్తుచేశారు. కానీ ప్రతి పాత సినిమానీ ఈనాటి తూకంరాళ్ళతో తూచడం న్యాయం కాదండీ. సినిమా తీసింది 1943లో, యుద్ధం ఇంకా నడుస్తోంది. బటాన్‌లో ఉన్న అమెరికన్ ఆర్మీ నర్సులు తెల్లవాళ్ళే, సినిమాలోనూ తెల్లవాళ్ళే ఉన్నారు. లేనివాళ్ళని తెచ్చి పెడితే అదే అబద్ధం అయ్యేది కదా?

ఇంకోటి. ఈ సినిమా విడుదలైనప్పటికి ఆ నర్సుల్లో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌లో జపాన్ వాళ్ళ శిబిరాల్లో బందీలుగానే ఉన్నారు. ఆర్మీ వాళ్ళు 66 మంది, నేవీ వాళ్ళు 11 మంది, మొత్తం 77. వాళ్ళు విడుదలైంది 1945 ఫిబ్రవరిలో. వాళ్ళని దేశం మర్చిపోకుండా చేసిన సినిమా ఇది. దాని దగ్గర ఆ గౌరవంతోనే మాట్లాడాలని నా అభిప్రాయం.

చరిత్ర_పిచ్చి:
బెజవాడ గారూ, గౌరవం గురించి మీతో పేచీ లేదు. కానీ 'లేరు కాబట్టి చూపించలేదు' అన్న దగ్గర ఆగిపోతే ఎలా? ఎందుకు లేరు అన్నది అడగాలి కదా.

1941లో అమెరికన్ ఆర్మీ నర్స్ కోర్ నల్లజాతి నర్సులకి ఒక కోటా పెట్టింది. ఎంతో తెలుసా? 56 మంది. దేశం మొత్తానికి! అర్హతలున్న రిజిస్టర్డ్ నర్సులు వేలల్లో ఉండగా 56. వాళ్ళని కూడా లూసియానాలో కాంప్ లివింగ్‌స్టన్, నార్త్ కరొలైనాలో ఫోర్ట్ బ్రాగ్, ఈ రెండు చోట్ల నల్లజాతి సైనికుల వార్డులకే పరిమితం చేశారు. నేవీ అయితే తలుపే తీయలేదు. అలాంటప్పుడు 1941 డిసెంబరులో మనీలాలో నల్లజాతి నర్సు ఎక్కడి నుంచి ఉంటుంది?

దీనిమీద యుద్ధం చేసిన మనిషి మేబెల్ స్టాపర్స్. నల్లజాతి గ్రాడ్యుయేట్ నర్సుల జాతీయ సంఘానికి నాయకత్వం వహించిన ఆవిడ. ఏళ్ళ తరబడి కోటా కొద్దికొద్దిగా పెంచుతూ ఆర్మీ వాళ్ళు బుజ్జగించబోయారు, ఆవిడ వదల్లేదు. 1944 నవంబరులో ప్రెసిడెంట్ భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్‌ని కలిసి పరిస్థితి మొత్తం వివరించింది. 1945 జనవరిలో నర్సులు చాలట్లేదు, నిర్బంధంగా చేర్చుకోవాలని ప్రెసిడెంట్ రూజ్‌వెల్టే కాంగ్రెస్‌ని అడిగాడు. అప్పుడు స్టాపర్స్ లేచి అడిగింది: నర్సులు అంత కరువైతే, ముందుకొచ్చి నిలబడ్డ నల్లజాతి నర్సుల్ని ఎందుకు తీసుకోవట్లేదు? ఆ ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు లేదు. దేశం నలుమూలల నుంచీ టెలిగ్రాములు వచ్చిపడ్డాయి. ఆ నెలలోనే ఆర్మీ కోటా ఎత్తేసింది. మార్చిలో నేవీలో మొదటి నల్లజాతి నర్సుగా ఫిలిస్ మే డేలీ ప్రమాణం చేసింది.

యుద్ధం మొత్తంలో ఆర్మీలో పనిచేసిన నర్సులు దాదాపు 59,000. వాళ్ళలో నల్లజాతి వాళ్ళు 500 దాకా. తెర మీద కనిపించే ఖాళీకి మూలం ఆ ఆఫీసు ఫైళ్ళలో ఉంది.

స్టాఫ్‌నర్స్_ఓంగోలు:
నేను ఇరవై ఏళ్ళకి పైగా గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఇలాంటి చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

పని వరకూ చూస్తే ఈ సినిమాలో చాలా నిజం ఉంది. మలేరియా వార్డులో క్వినైన్ అయిపోవడం, ఉన్నదాన్ని ఎవరికి వేయాలో తేల్చుకోవడం, డ్రెస్సింగ్ గుడ్డలు ఉతికి మళ్ళీ వాడటం. బటాన్‌లో రెండో నంబరు ఆసుపత్రి అంటే అడవే. పైకప్పు లేదు, గోడలు లేవు, చెట్ల కింద మంచాలు. సినిమా ఆ దుమ్మూ ధూళీ చాలా వరకు చూపించింది. నర్సుకి అలసట ఎలా వస్తుందో కోల్బర్ట్ మొహంలో కనిపిస్తుంది. మేకప్‌తో వచ్చేది కాదది.

కానీ బాబూ, అంత పెద్ద ఆసుపత్రిని అమెరికా నుంచి వచ్చిన కొద్దిమంది అమ్మాయిలే నడిపారని ఎవరైనా నమ్ముతారా? వేలమంది పేషంట్లు. ఆ వార్డుల్లో ఫిలిప్పీన్ నర్సులు వాళ్ళతో భుజం భుజం కలిపి పనిచేశారు. పేషంట్లలో ఎక్కువమంది ఫిలిప్పీన్ సైనికులే. వాళ్ళ భాషలో 'ఎక్కడ నొప్పి' అని అడిగింది ఎవరు? రాత్రి డ్యూటీలో, దీపం వెలిగించడానికి వీల్లేని చీకట్లో, ఏడుస్తున్న కుర్రాడికి వాళ్ళమ్మ మాటలో ధైర్యం చెప్పింది ఎవరు? నర్సింగ్ చేసినవాళ్ళకి ఈ ప్రశ్న వెంటనే వస్తుంది. సినిమాకి రాలేదు.

జోసీ నెస్బిట్ అని రెండో నంబరు ఆసుపత్రిలో నర్సుల పెద్ద ఉండేది. బటాన్ పడిపోయే ముందు రోజు, 1942 ఏప్రిల్ 8 రాత్రి, అమెరికన్ నర్సులందర్నీ కొరెగిడార్‌కి పంపేయమని ఆర్డరు వచ్చింది. మరి మా ఫిలిప్పీన్ నర్సుల సంగతేంటని ఆవిడ అడిగింది. ఆర్డరు అమెరికన్లకే అన్నారు. వాళ్ళు రాకపోతే నేనూ కదలనని ఆవిడ భీష్మించుకుంది. పైవాళ్ళకి ఫోను చేసి ఒప్పించాల్సి వచ్చింది. ఆ రాత్రి అందరూ కలిసే వెళ్ళారు.

సినిమా తీయడానికి ఇంతకంటే గొప్ప సన్నివేశం ఏం కావాలండీ?

బెజవాడ_సినిమా:
ఓంగోలు అమ్మగారూ, నెస్బిట్ సంగతి అద్భుతం. దానిమీదే ఒక సినిమా రావాలి. కానీ 1943లో స్క్రిప్టు రాసినవాళ్ళకి ఇవన్నీ తెలిసే అవకాశం ఎంత? ఆ నర్సులు శిబిరంలో ఉంటే చెప్పేదెవరు?

చరిత్ర_పిచ్చి:
చెప్పేవాళ్ళు ఉన్నారండీ. నెస్బిట్ బందీగా ఉన్నా, బటాన్‌లో పనిచేసి బయటపడ్డ యూనిస్ హాచిట్ అనే నర్సు ఈ సినిమాకి సాంకేతిక సలహాదారు. అలాగే బయటపడ్డ జువానిటా రెడ్మండ్ తన అనుభవాలు అప్పటికే పుస్తకంగా వేసింది. ఫిలిప్పీన్ నర్సులు పక్కన పనిచేశారన్న సంగతి ఎవరికీ తెలియని రహస్యం కాదు. సలహాదారుని యూనిఫాం గురించి, బ్యాండేజీ గురించి అడిగారు. పక్క మంచం దగ్గర ఎవరు నిలబడ్డారో అడిగి ఉంటే వేరే సినిమా వచ్చేది.

దావావో_మెడికో:
నమస్తే అందరికీ. నేను దావావోలో ఎంబీబీఎస్ చదువుతున్నాను, మాది ఖమ్మం జిల్లా. ఇక్కడ మన తెలుగోళ్ళం చాలామందిమి ఉన్నాం కదా, ఈ దేశం వైపు నుంచి ఒక మాట చెప్తాను.

ఏప్రిల్ 9 ఇక్కడ సెలవు. బటాన్ పడిపోయిన రోజు. మొదట నాకు అర్థం కాలేదు, ఓడిపోయిన రోజుని ఎవరైనా పండగలా జరుపుకుంటారా అని. మా ప్రొఫెసర్ ఒకాయన విడమరిచి చెప్పారు. ఆ రోజు లొంగిపోయినవాళ్ళు దాదాపు 75,000 మంది, వాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా ఫిలిప్పీన్ వాళ్ళే. వాళ్ళ తాతల పోరాటం అది. బటాన్‌లో సమత్ కొండ మీద పెద్ద శిలువతో స్మారకం కట్టుకున్నారు.

సెలవుల్లో కొరెగిడార్ వెళ్ళాం. మలింటా సొరంగంలోకి తీసుకెళ్తారు. మెయిన్ సొరంగానికి అటూ ఇటూ చిన్న చిన్న సొరంగాలు, కొన్నింటిలో ఆసుపత్రి నడిచింది. లోపలికి అడుగుపెట్టగానే తేమ, మట్టి వాసన. గైడు లైట్లు ఆపేసి బాంబుల చప్పుడు వినిపిస్తాడు. మాలో అందరం మెడికల్ స్టూడెంట్లమే, అందరికీ ఒకటే ఆలోచన: గాలి ఆడని ఈ చోట గాంగ్రీన్ కేసులు ఎలా చూశారు అని.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1946లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. అమెరికా జెండా కింద పోరాడిన ఫిలిప్పీన్ సైనికుల సర్వీసుని చాలా ప్రయోజనాల విషయంలో లెక్కలోకి తీసుకోవద్దని తేల్చేసింది. వాళ్ళకి ఒకేసారి ఇచ్చే పరిహారం మంజూరైంది 2009లో. అప్పటికి బతికున్నవాళ్ళెందరు? తెర మీద మనిషిని తీసేస్తే అది తెరతో ఆగదని నాకనిపిస్తుంది. ఈ దేశం గుర్తుండి ఉంటే ఆ చట్టం అంత తేలిగ్గా పాసయ్యేదా?

పాతరీలు:
దావావో తమ్ముడూ, చాలా థాంక్స్. ఈ కోణం నాకు తట్టలేదు.

బెజవాడ గారి ప్రశ్నకి ఇంకో జవాబు కూడా ఉంది. అదే 1943లో ఎంజీఎం వాళ్ళు 'బటాన్' అని మగవాళ్ళ యుద్ధ సినిమా తీశారు. అందులో ఉన్న చిన్న దళంలో కెన్నెత్ స్పెన్సర్ అనే నల్లజాతి నటుడు సైనికుడిగా ఉన్నాడు, ఫిలిప్పీన్ సైనికులూ ఉన్నారు. నిజానికి అప్పటి అమెరికన్ సైన్యంలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు వేర్వేరు యూనిట్లు, అలాంటి కలగలుపు దళం లేదు. అయినా పెట్టారు. సినిమాలు చూసి సలహాలిచ్చే యుద్ధ సమాచార కార్యాలయం దాన్ని మెచ్చుకుంది, దేశమంతా ఒక్కటే అన్న సందేశం కదా. మన నర్సుల సినిమా స్క్రిప్టు కూడా ఆ కార్యాలయం చేతుల్లోంచే వెళ్ళింది.

అంటే మగవాళ్ళ దళంలో లేని ఐక్యతని ఊహించి చూపించగలిగారు. నర్సుల వార్డులో ఉన్న ఐక్యత మాత్రం చూపించలేదు. 'ఆ కాలం అంతే' అన్న మాట ఇక్కడ చెల్లదు, రెండూ ఒకే కాలం.

విశాఖ_బీచ్‌రోడ్:
నేను కాస్త వేరే వైపు వెళ్తాను. సినిమాలో అందరూ మాట్లాడుకునేది వెరోనికా లేక్ చేసిన ఒలీవియా పాత్ర గురించి. ఆమెని చేసుకోబోయేవాడు పెర్ల్ హార్బర్ దాడిలో చనిపోయాడు. గాయపడ్డ జపాన్ ఖైదీల వార్డులో డ్యూటీ అడిగి వేయించుకుంటుంది, చంపడానికే. చెయ్యి రాదు. చివర్లో తోటి నర్సులు తప్పించుకోవడానికి జుట్టు విరబోసుకుని, గ్రెనేడ్ దుస్తుల్లో దాచుకుని జపాన్ సైనికుల వైపు నడిచివెళ్తుంది.

మా వైజాగ్ వాళ్ళకి ఆ రోజులు ఊహించుకోవడం కష్టం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మూడు రోజులకి బటాన్ పడిపోయింది. మా అమ్మమ్మ వాళ్ళు మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్ళకి పోయారట. అందుకని జపాన్ సైన్యం మీద ఆనాటి కోపం కల్పితమని నేనెప్పుడూ అనను. బటాన్‌లో ఆసుపత్రి మీద బాంబులు పడ్డ మాటా నిజమే.

అయినా ఒకటి చూడండి. వార్డులో ఉన్న ఆ జపాన్ ఖైదీలకి మొహం ఉందా? కెమెరా ఒలీవియా మొహం మీదే ఉంటుంది. ఆమె మనసులో జరిగేది మనకి తెలుస్తుంది, మంచం మీద ఉన్నవాడు మాత్రం మనిషిగా కనపడడు. అదే సమయంలో అమెరికాలోనే పుట్టిన జపాన్ సంతతివాళ్ళని కుటుంబాలతో సహా శిబిరాల్లో పెట్టారు, 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో. శత్రువుకి మొహం లేకపోతే, ఆ పోలికలున్న పక్కింటివాడికీ లేకుండా పోతుంది.

స్టాఫ్‌నర్స్_ఓంగోలు:
విశాఖ గారూ, ఆ సీను గురించి నాకూ చెప్పాలని ఉంది. మా ఆసుపత్రికి పోలీసులు బేడీలు వేసి తెచ్చే పేషంట్లు ఉంటారు. చెయ్యరాని పని చేసి వచ్చినవాళ్ళు. బీపీ చూడాలి, సెలైన్ పెట్టాలి, బెడ్‌పాన్ మార్చాలి. మనసులో ఏమున్నా నరం దొరికేదాకా చెయ్యి వణకకూడదు. ఒలీవియా ఏడుపు నాకు అర్థమైంది, నిజమైన ఏడుపు అది.

చరిత్ర_పిచ్చి:
అమ్మగారు ఆ మాట అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను.

శత్రు ఖైదీలకి సేవ చేయడం సినిమాలో ఒలీవియాకి వచ్చిన పెద్ద పరీక్ష. నిజజీవితంలో ఆ పని రోజూ చేసింది ఎవరనుకున్నారు? నల్లజాతి నర్సులు. యుద్ధం రెండో సగంలో వాళ్ళని అరిజోనాలో ఫ్లోరెన్స్ లాంటి చోట్ల జర్మన్ యుద్ధఖైదీల ఆసుపత్రులకి పంపారు. తెల్ల సైనికుల్ని నల్ల నర్సులు ముట్టుకోకూడదు, కాబట్టి జర్మన్ల దగ్గర పెట్టారు. దేశం కోసం గాయపడ్డవాడికి సేవ చేద్దామని చేరిన అమ్మాయిని, జాతి గొప్పలు చెప్పుకునే నాజీ సైన్యపు ఖైదీ మంచం దగ్గర నిలబెట్టారు. ఆ శిబిరాల్లో కొన్నిచోట్ల జర్మన్ ఖైదీలు తెల్ల ఆఫీసర్లతో పాటు కూర్చుని భోంచేసేవాళ్ళు, ఈ నర్సులకి మాత్రం ఆ హాల్లో చోటు లేదు.

ఒలీవియాకి ద్వేషించే హక్కు ఉంది, దాన్ని దాటి ఎదిగే కథ ఉంది, కెమెరా ఉంది. వీళ్ళకి డ్యూటీ చార్టు మాత్రమే ఉంది. నా బాధంతా ఇక్కడే. ప్రాతినిధ్యం అంటే గుంపులో రెండు నల్ల మొహాలు చేర్చడం కాదు. లోపల జరిగే సంఘర్షణ ఎవరిదైతే కథ అవుతుంది, ఎవరిదైతే కాదు అన్నది ప్రశ్న.

బెజవాడ_సినిమా:
ఫ్లోరెన్స్ సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

అయినా నా వాదన పూర్తిగా వదలను. ఈ సినిమా చూసి నర్సింగులో చేరాలనుకున్న అమ్మాయిలు ఎంతమందో ఉండి ఉంటారు. 1943లోనే బోల్టన్ చట్టం వచ్చింది, నర్సింగ్ చదువుకి ప్రభుత్వం డబ్బు కట్టే కేడెట్ నర్స్ కోర్. ఆ చట్టంలోనే జాతి వివక్ష కూడదని రాశారు. నల్లజాతి అమ్మాయిలు 3,000 మంది దాకా దాని ద్వారా చదువుకున్నారు. జపాన్ సంతతి అమ్మాయిలూ చేరారు. నర్సు అంటే గౌరవం పెరిగిన వాతావరణంలోనే ఇదంతా జరిగింది, ఆ వాతావరణం తేవడంలో ఇలాంటి సినిమాలకీ వాటా ఉంది. ఈ సినిమా చేసిన మేలుని కూడా లెక్కలో రాయమంటున్నాను, అంతే.

డల్లాస్_ఐసీయూ:
నేను డల్లాస్‌లో ఐసీయూ నర్సుని. మాది గుంటూరు, మిషన్ ఆసుపత్రిలో ట్రైనింగ్ అయ్యాను. మా యూనిట్‌లో ఏ షిఫ్టు చూసినా ఇద్దరు ముగ్గురు ఫిలిప్పీన్ నర్సులు ఉంటారు. నాకు ఇక్కడ పని నేర్పింది వాళ్ళే. వెంటిలేటర్ అలారం మోగితే కంగారుపడకుండా ముందు పేషంటుని చూడు, తర్వాత మెషీను చూడు అని చేయి పట్టుకుని నేర్పిన ఆవిడ లుజాన్ నుంచి వచ్చింది.

వీళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో చాలామందికి తెలియదు. ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలో ఉన్నప్పుడే అక్కడ అమెరికన్ పద్ధతి నర్సింగ్ స్కూళ్ళు పెట్టారు, ఇంగ్లీషులో చదువు. 1948 తర్వాత ఎక్స్చేంజ్ విజిటర్ పథకం కింద పెద్దసంఖ్యలో రావడం మొదలైంది. బటాన్‌లో అమెరికన్ నర్సుల పక్కన నిలబడగలిగింది కూడా ఆ చదువుతోనే. కోవిడ్ మొదటి ఏడాదిలో అమెరికాలో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడో వంతు ఫిలిప్పీన్ మూలాలవాళ్ళని ఇక్కడి నర్సుల యూనియన్ లెక్క తీసింది. మొత్తం నర్సుల్లో వాళ్ళు నూటికి నలుగురే.

మొన్న బ్రేక్‌లో మా ఫిలిప్పీన్ అక్కకి ఈ సినిమా గురించి, నెస్బిట్ గురించి చెప్పాను. నెస్బిట్ పేరు ఆవిడకి ముందే తెలుసు. వాళ్ళ నర్సింగ్ కాలేజీలో చెప్పారట. సినిమా పేరు మాత్రం వినలేదు.

పాతరీలు:
ఇంతమంది ఇంత మనసుపెట్టి రాస్తారనుకోలేదు. వచ్చే వారానికి అదే ఏడాది వచ్చిన 'క్రై హేవక్' పెట్టుకుందామా? అదీ బటాన్ ఆసుపత్రి కథే, దాదాపు అందరూ ఆడవాళ్ళే. అందులో లూయిసిటా అనే పాత్రని ఫెలీ ఫ్రాంకెలీ అనే ఫిలిప్పీన్ నటి వేసింది. ఆ పాత్రకి ఎన్ని మాటలిచ్చారో, కెమెరా ఎంతసేపు ఆమె దగ్గర ఆగిందో చూద్దాం.

స్టాఫ్‌నర్స్_ఓంగోలు:
నేను చూస్తాను. నైట్ డ్యూటీలు అయ్యాక ఆదివారం రాస్తాను. మా దగ్గర ట్రైనింగుకి వచ్చిన జీఎన్ఎం పిల్లల్ని కూడా కూర్చోబెడతాను. స్టాపర్స్ గురించి చరిత్ర గారు ఇంకాస్త వివరంగా రాసి పెడితే, అదీ వాళ్ళకి చదివి వినిపిస్తాను.

చరిత్ర_పిచ్చి:
తప్పకుండా అమ్మగారూ. శనివారానికల్లా కొత్త థ్రెడ్‌లో పెడతాను. 1943లో లైబీరియాకి వెళ్ళిన 25వ స్టేషన్ హాస్పిటల్ నల్లజాతి నర్సుల గురించి కూడా అందులోనే రాస్తాను.